బొట్టు

రాత్రి పదకొండుకు నా ట్యాంకరు పుట్లూరు దారి మలుపు తిరిగేసరికి
తిప్పక్క చీనీతోట గట్టున నిలబడి ఉండాది
ఒక చేతిలో టార్చిలైటు
ఇంకో చేతిలో సున్నం డబ్బా.

చెట్లు నూటాఎనభై.
నాలుగో బోరు మొన్న శివరాత్రికి గాలి కక్కింది.
ఆ లెక్క ఆమె చెప్పాల్సిన పన్లేదు
నాలుగింటికీ పైపులు మోసినోణ్ణి నేనే.
ఒకటి ఎనిమిది వందల అడుగులు, ఒకటి వెయ్యి దాటింది.
పైకొచ్చిన దుమ్ము మాత్రం అన్నింట్లోనూ ఒకటే,
పళ్లపొడి మాదిరి, బూడిద రంగు.

"ట్యాంకరు ఎన్ని చెట్లకొస్తాది తమ్ముడూ?"
"పొదుపుగా పోస్తే యాభై."
"వారానికి రెండు. అంతకుమించి నాతో కాదు."

అంటే నూరు.
మిగిలిన ఎనభై ఏవో తేల్చడానికి
మూడు దినాలు తోటంతా తిరిగిందంట.
మొదటి దినం కాపు చూసింది
రెండో దినం వేరుకుళ్లు చూసింది
మూడో దినం ఎందుకో మళ్లీ మొదట్నుంచి లెక్కబెట్టింది.
బతకాల్సిన చెట్టు మొదట్లో సున్నం బొట్టు.
చావాల్సినదానికి ఏ గుర్తూ లేదు.

ఇంట్లో కూడా ఇట్లే పెట్టుకుంటా వచ్చింది
కంటికి కనపడని బొట్లు.
గొర్రెలు పోయినాయి, బర్రె నిలిచింది.
బ్యాంకు కంతు ఆగింది, సంఘం కంతు ఆగలేదు
సంఘంలో ఎదురింటి ఆడోళ్ల మొగాలు చూడాల గదా.
పెద్దోడి ఐటీఐ నిలిచింది.
చిన్నదాని పంటినొప్పి లవంగం మీద నడుస్తా ఉండాది.
ఎర్రిస్వామి బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు గేటు కాడ,
రాత్రి ఫోన్ చేస్తే ముందు అడిగేది చెట్ల సంగతే.
"అన్నీ బాగుండాయి" అంటాది.
అన్నీ అంటే నూరు.

పోయినేడు కొమ్మలు వంగి కాయ కాసింది.
అనంతపురం మార్కెట్టుకు తోలితే
సూటని కొంత, మచ్చని కొంత, కూలి కింద కొంత తీసేసి
చేతిలో పెట్టిన దుడ్లు మందుల అంగడి దాకా కూడా నడవలేదు.
ఈ ఏడు ధర ఎగిరిందంట.
ఎగిరితే ఏం, అందుకోడానికి కాయ ఏదీ?

నా తోట కథ వేరే.
నాకు బొట్టు పెట్టే గుండె లేకపాయ.
అన్నింటికీ తలా రెండు బిందెలు పోసుకుంటా పోతే
అన్నీ కలిసి ఒకే నెలలో ఎండినాయి.
బొగ్గుల బట్టీవాడు టన్ను లెక్కన కొట్టుకొని పాయె.
ఆ దుడ్లే ఈ ట్యాంకరుకు అడ్వాన్సు.
ఇప్పుడు ఊరికి ఎండ ముదిరితే నాకు బాడుగ.
పైకి అనలేని మాట ఒకటుండాది,
పడమర మోడం కమ్మితే
నా గుండె రెండు దిక్కులకూ కొట్టుకుంటాది.

పైపు పట్టుకొని తిప్పక్క ముందు, లైటు పట్టుకొని నేను వెనక.
బొట్టున్న చెట్టు కాడ ఆగుతాది, లేనిది దాటుతాది.
దాటేటప్పుడు మాత్రం నడక కొంచెం బిరీన.
ఒకదాని కాడ చీర కొంగు ముల్లుకు తగులుకుంది,
విడిపించుకునేదానికి
కావాల్సినదానికంటే ఎక్కువసేపే పట్టింది.

రెండు గంటలకు ట్యాంకరు ఖాళీ.
దుడ్లు లెక్కబెట్టుకుంటా, బీడీ ముట్టించుకుంటా
బండిని ఆ ముల్లు చెట్టు పక్కనే నిలిపినా.
నా బండి వాల్వు కారుతాది.
అడుగున మిగిలిన నీళ్లు, ఒక్కో బొట్టే.
బాగు చేయించమని ఊరంతా తిడతా ఉంటే
రేపు, మర్నాడు అంటా వచ్చినా.
బీడీ అయిపాయ. ఇంకోటి ముట్టించినా.
తిప్పక్క గట్టు మీద కూచొని
సున్నం అంటిన వేలు చీరకు తుడుచుకుంటా
చూడనట్టే చూస్తా ఉండాది.

మళ్లీ వారం.
"వాల్వు బాగు చేయిస్తివా?"
"లేదక్కా."
"కారిపోయే నీళ్లకు నేను దుడ్లియ్యను."
"ఇయ్యొద్దులే."
కాసేపు పైపు చుట్ట విప్పుకుంటా ఉండి,
తల ఎత్తకుండానే అనింది:
"ఈసారి బండి రెండు చెట్లు ముందుకు నిలుపు."