ఒకటిన్నర వోల్టు

పోచమ్మమైదాన్ మూలమీది నా డబ్బాకొట్టు ముందర
ల్యాండ్‌మాస్టర్ ఆపి
దిగకముందే అన్నడు ఓదేలు:
"బండి నడుస్తది బిడ్డా, గడియారమే నడువది."

ఇరవై ఏడేండ్లు కాజీపేట జంక్షన్ బయట
రైలు దిగేటోళ్ల కోసం ఆ సీట్లనే కూసున్న మనిషి.
స్టీరింగు మీద వేళ్లు ఆనే కాడల్లా
నలుపు అరిగి తెల్లబడ్డది.
డ్యాష్‌బోర్డు నడుమ,
సర్వపిండికి వేలుతోని పెట్టిన బొక్క లెక్క
గుండ్రంగ ఓ గుంట. అండ్ల గడియారం.

నాలుగు స్క్రూలు. రెండింటికి తుప్పు, ఒకటి లేనే లేదు.
ఇప్పి చూస్తే ఓ రాగితీగ చుట్ట, ఓ స్ప్రింగు,
రెండు చిన్న నాలుకలు.
అవి ముట్టుకున్నప్పుడల్లా పన్నెండు వోల్టులు ఒక్కసారే పారి
తట్టున స్ప్రింగును బిగించి
మళ్ల విడిపోయేటియి.
రెండు నిమిషాలకోసారి ఒక ముద్దు,
ముద్దుకో నిప్పురవ్వ.
గట్లనే కాలిపోయినయి నాలుకలు.

"ముల్లు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలె" అంటుండె
నాకు పని నేర్పిన యాకూబ్ సాబ్.
బిగబట్టిన. పెద్దముల్లు వచ్చింది.
చిన్నముల్లు మీది పచ్చరంగు పొడిపొడిగ రాలి
నా చీరకొంగుకు అంటింది.

కొత్త మిషను ఆకలి ఎంతని?
ఒకటిన్నర వోల్టు. టార్చిలైటు సెల్లు ఒక్కటి సాలు.
పన్నెండు దానికి పోస్తే పొట్ట పగులుతది.
పాకాల తూము కాడ నీళ్లు తగ్గించి ఇడిసినట్టు
నడుమ వేలిగోరంత పచ్చబోర్డు పెట్టి
టంకం వేసిన.
వైర్లు కలిపిన.

పొగ.

"చెప్పుడు మరిచిన," అన్నడు ఓదేలు తల గోక్కుంట,
"ఈ బండికి బాడీయే ప్లస్."

ఇప్పటి బండ్లన్నీ మైనస్‌ను ఒంటికి కట్టుకుంటే
ఇది ప్లస్‌ను కట్టుకున్నది.
అరవై ఏండ్ల పైచిల్కు గట్లనే తిరిగింది,
అడగనోళ్లకు చెప్పలే.

రెండో బోర్డు.
ఈసారి ఎర్రతీగ బాడీకి, నల్లతీగ ఫ్యూజుకు.
చెయ్యి ఒప్పుకోలే,
చుట్టానికి ఎడమచేత్తోని అన్నం వడ్డించినట్టు.
మిషను ఇనుముకు తగలొద్దని
మొగిలి పంక్చర్ దుకాణంల సైకిల్ ట్యూబు ముక్క అడుక్కొచ్చి
గుండ్రంగ కోసి కింద పరిచిన.
మీటరు చూపింది: ఒకటి పాయింట్ అయిదు రెండు.

ముల్లు కదిలింది.
ఓదేలు కదలలే.
చెవి డ్యాష్‌బోర్డుకు ఆనిచ్చి చానసేపు ఉన్నడు.

"సప్పుడేది?"

ఇది సప్పుడు లేని మిషను, కాకా.

"ఆ తట్లు లెక్కవెట్టే వెయిటింగు తీసుకునేటోన్ని.
పదిహేను తట్లకు అరగంట.
ఎక్కువైందని ఎవ్వలన్న లొల్లిపెడితే
కూసోండ్రి, మీరే ఇనుండ్రి అంటుంటి."

ఏమనాల్నో తెల్వలే.
పాత రాగిచుట్టను అగ్గిపెట్టెల పెట్టి చేతికిచ్చిన.
అంగీజేబుల ఏసుకున్నడు.
పైసలు ఇచ్చిండు,
వద్దన్నా కాలిన బోర్డుకు సుత.

స్టార్టు చేసి, మళ్ల ఆపిండు.
"ఏడు నిమిషాలు ముందుకు వెట్టు బిడ్డా.
పాతది గట్లనే ఉంటుండె.
నా బండి ఎక్కినోనికి ఒక్కనికన్న రైలు తప్పలే."

ఫోను ముందరపెట్టుకొని
సెకండ్లతోని సరిజేసిన గడియారం అది.
చేతులు పెట్టి ఎనుక మర తిప్పిన.
నా ఫోనుల పదకొండు పదహారు,
ఆయన బండిల పదకొండు ఇరవై మూడు.

ములుగురోడ్డు దిక్కు పోయిండు, ఎనుక సీటు ఖాళీగ.
కొట్టుల కాలిన బోర్డు వాసన
పొద్దూకిందాంక పోలే.