తలల లెక్క

మొదట వెళ్ళింది ట్యురిన్ పిల్లలు, పదకొండు మంది,
తెల్లవారుజామున నాలుగింటికి, సగం నిద్రలో.
పెట్టెల చక్రాలు రాతిమెట్ల మీద దడదడలాడుతుంటే
ఎదురింటి ముసలాయన కిటికీ తీసి
మాల్టా భాషలో ఏదో అన్నాడు.
తిట్టే అయ్యుంటుంది.
ఆరువారాలుగా అదే కిటికీ, అదే మాట.
ఇవాళ మాత్రం నేను చెయ్యి ఊపాను.

నలభై మూడు పోయి ముప్పై రెండు.

లెక్కపెట్టడమే నా ఉద్యోగం.
బస్సెక్కితే ఓసారి, దిగితే ఓసారి,
సముద్రంలో దూకేముందు, తేలి వచ్చాక,
రాత్రి పదకొండుకి టార్చి పట్టుకుని
గదిగదికీ వెళ్ళి, దుప్పట్లలోంచి బయటికొచ్చిన పాదాలు.
దవీదె అని ఒకడుండేవాడు, పన్నెండేళ్ళు,
నా వేలు సరిగ్గా వాడి దాకా వచ్చేసరికి
సీటు కిందికి జారిపోయేవాడు.
నలభై రెండు. మళ్ళీ మొదట్నుంచీ.
డ్రైవర్ కర్మనూ ఇంజను ఆపి
స్టీరింగ్ మీద గడ్డం ఆనించి
"వాణ్ణి వదిలేసి పోదామా?" అనేవాడు
నాకంటే వాడికే బాగా వినపడేట్టు.
వెళ్ళేరోజు వాడు జారలేదు.
ఒక్కసారికే లెక్క సరిపోయింది.
నాకది నచ్చలేదు.

గురువారం అల్మాటీ అమ్మాయిలు.
వాళ్ళలో తొగ్జాన్ మొదటి తొమ్మిది రాత్రులూ
మెట్ల మీద కూర్చుని ఏడ్చిన పిల్ల.
ఓదార్చే మాట ఏ భాషలోనూ దొరక్క
పక్కన కూర్చుని బిస్కెట్లు తిన్నాను, ఇద్దరి వాటా నేనే.
వెళ్తూ వెళ్తూ గుమ్మంలోంచి వెనక్కి పరిగెత్తుకొచ్చింది.
నేను చేతులు చాచాను కూడా.
"నా చార్జర్!" అంది.

తర్వాత గదులు కడగడం.
ఎవరూ అడగని వస్తువుల పెట్టెలో
ఒంటి చెప్పు, పళ్ళ క్లిప్పు, ఈతకళ్ళజోళ్ళు మూడు,
"ప్రియమైన అమ్మమ్మా," దగ్గర ఆగిపోయిన కార్డు.
పద్నాలుగో గదిలో మంచం జరిపితే
గోడమీద పెన్సిలుతో నేను.
కాళ్ళున్న టార్చిలైటు, కోపంగా రెండు కనుబొమలు,
కింద వాళ్ళ భాషలో నా పేరు: టార్చి.
వేసవంతా నన్ను అలా పిలిచారన్నమాట.
గోడ పాడుచేస్తే పది యూరోలు కోత అని
నియమం చదివి వినిపించింది నేనే.
స్పాంజి తడిపి తుడిచాను.
కనుబొమలు చివర్న.

వంటగదిలో జూజా చివరిదాకా అరుస్తూనే ఉంది.
"నీ పిల్లలు నా పాస్తా కుక్కకి పెట్టారు!"
నా పిల్లలు.
అరుస్తూనే ఒక సీసా నా చేతిలో పెట్టింది.
రాతిగోడల సందుల్లో మొలిచే కేపర్ మొగ్గలు,
తనే కోసి ఉప్పునీళ్ళలో ఊరేసినవి.

ఆఖరి రాత్రి భవనంలో నేనొక్కదాన్నే.
చెల్లెలు గీద్రే ఫోన్ చేసి చెప్పింది,
లిథువేనియాలో రాత్రిళ్ళు స్వెట్టరు కావాల్సొస్తోందనీ
బంగాళాదుంపలు తవ్వుతున్నారనీ.
ఇక్కడ చెమట. పక్క ఊళ్ళో ఎవరో పునీతుడి పండగ,
టపాసులకి కిటికీలు అదురుతున్నాయి.
పదకొండుకి కాళ్ళు వాటంతటవే లేచాయి.
వరండా చివరిదాకా వెళ్ళాను, టార్చి వెయ్యకుండా.
తడి తువ్వాళ్ళ వాసన ఇంకా పోలేదు.

విమానాశ్రయంలో ఆఫీసరు సీసా పైకెత్తి చూశాడు.
నీళ్ళు కుదరవన్నాడు.
మొగ్గలు నీళ్ళు కాదన్నాను.
కొంచెం వాదించుకున్నాక
చెత్తడబ్బా మీద ఉప్పునీళ్ళు వంపి
మొగ్గలు మాత్రం తెచ్చుకున్నాను, వేళ్ళకి ఆ పులుపు అంటుకుని.

తలుపులు మూశాక విమానంలో
ఒకమ్మాయి సీట్ల మధ్య నడుస్తూ వచ్చింది,
చేతిలో చిన్న యంత్రం,
ఒక్కో తలకీ ఒక్కో టిక్కు.
ఇరవయ్యో వరసలో ఎవడో కిందికి వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.
ఆమె ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ మొదట్నుంచీ.
నా వరస వచ్చేసరికి
నిటారుగా కూర్చుని, తల కొంచెం పైకెత్తాను
ఆమెకి సులువుగా అందేలా.