బిందె లోతు

తాళ్ళరేవు దాటాక మూడు పాయలు.
నాలుగోది పాయో కాదో పడవకే తెలీదు.
కామేశు తెడ్డు ఎత్తిపెట్టి బీడీ ముట్టించాడు.
"పోటెక్కనీండి, అదే తీసుకెళ్తది."
తీసుకెళ్ళింది.

మడచెట్ల వేళ్ళ ఇరుకులోంచి
ఒక్కసారిగా వెడల్పు: చుక్కలమడుగు.
ఇసుకమేట సముద్రాన్ని గుమ్మం బయటే నిలబెట్టిన చోట
రెండు రంగుల నీళ్ళు. ఏ రంగూ తాగేది కాదు.
ఒడ్డున ఆరు సరుగుడు గుంజల మీద తాటాకు గుడిసె,
నిచ్చెనకి ఏడు మెట్లు, ఐదోది లేదు.

చీర మీద అటవీశాఖ ఖాకీ చొక్కా తొడుక్కున్న మసేనమ్మ
నా సంచి కన్నా ముందు నా బిందె కేసి చూసింది.
"ఒకటేనా?"
ఒకటే.

వచ్చీ రాగానే కాళ్ళకంటిన బురద
ఆ మంచినీళ్ళతోనే కడుక్కున్నాను,
మోకాళ్ళ దాకా, వేళ్ళ సందుల్లో కూడా.
ఆమె ఏమీ అనలేదు.
చీపురులోంచి ఈనెపుల్ల లాగి బిందెలో ముంచి
తడిసినంత మేరకి గోరుతో గాటు పెట్టింది.

నేను వచ్చింది నిశ్శబ్దం కోసం.
కాకినాడలో మా నాలుగో అంతస్తు కింద వెల్డింగ్ షాపు,
పైన ఎవరిదో మిక్సీ.
చెవులు రెండూ బాగానే ఉన్నాయన్నాడు డాక్టరు.
అదే కదా బాధ.

ఇక్కడ పాటు లాగేస్తున్నప్పుడు
బురద నోరు తెరుస్తుంది,
లక్ష చిన్న నోళ్ళు. అన్నీ పీతల గుమ్మాలు.
టిక్, టిక్, ఎవరో తలుపులేసుకుంటున్నట్టు.
అర్ధరాత్రి నీటికుక్కలు కొట్లాడుకున్నాయి
గట్టు తగాదాలో అన్నదమ్ముల్లాగా.
నిద్ర పట్టలేదు.
విచిత్రం, కోపం కూడా రాలేదు.

గుంజల్లో ఒకటి పాతది, తొంభై ఆరు తుఫానుకి మిగిలింది.
నా భుజం ఎత్తున దాని మీద కత్తిగాటు.
"అంతొచ్చాయి నీళ్ళు," అంది మసేనమ్మ.
కాసేపాగి,
"అవీ తాగేవి కాదు" అని నవ్వింది.

నాలుగో పొద్దున రావాల్సిన పడవ రాలేదు.
అష్టమి నవములకి నీరు చచ్చి ఉంటుందట,
పాయలో అడుగు ఆనుతుందట.
ఆమెకి ముందే తెలుసు, నేను అడగలేదు.
ఈనెపుల్ల మీద గాట్లు కిందికి దిగుతున్నాయి.
పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు.
అన్నం మడుగు నీళ్ళతో వండింది,
ఉప్పు డబ్బా మూత తియ్యలేదు.

నా గ్లాసుని నేను గుటకలుగా లెక్కపెట్టాను, పదకొండు.
ఆమె తన గ్లాసులోంచి రెండు గుటకలు
కొబ్బరిచిప్పలోకి ఒంపి
అందులో గడ్డిపరక అడ్డంగా వేసింది.
ముందొకటి వచ్చింది, తర్వాత ముప్పై:
గడ్డిపరక మీద వరసగా వాలిన తేనెటీగలు,
వంగి, తోకలు అదురుతూ.

"తేనె కోసమా?"
"తిల్లపువ్వు తేనె, చేదు. ఎవడు తింటాడు?"
"మరెందుకు?"
ఆమె మెడ గోక్కుంది.
నేను ఏదో లెక్క అడిగినట్టు ఇబ్బంది పడింది.
"వస్తున్నాయి కదా."

ఆ రాత్రి కడుక్కున్న కాళ్ళని చీకట్లో చూసుకున్నాను.
మళ్ళీ అదే బురద.
ఎండి, పొలుసులై, నాదైపోయి.

ఐదోనాడు కామేశు రెండు నీళ్ళ టిన్నులతో వచ్చాడు.
దోసిలి పట్టి, గడ్డం మీంచి రొమ్ము మీద కారేలా తాగాను.
సిగ్గేసింది గానీ ఆగలేదు.
మసేనమ్మ తాగలేదు ఇంకా.
నా బిందె అడుగున మిగిలిన రెండు వేళ్ళ నీళ్ళని
చిప్పలోకి జాగ్రత్తగా వంచి,
బిందె బోర్లించి,
వీపు మీద చరిచినట్టు దాన్ని ఒకసారి చరిచింది.

"పాటు మొదలైందండోయ్!" కామేశు కేక.
బిందె తీసుకోమంది. ఉండనీ అన్నాను.
ఆమె కాదనలేదు, సంతోషించనూ లేదు.
సంచి భుజానేసుకుని వెనక్కి తిరిగి దిగాను,
కళ్ళు ఇంకా చిప్ప మీదే.

ఐదో మెట్టు లేదని
కాలికి చూడకుండానే తెలిసింది.