నాలుగో గేరు

అత్తిబెలె బంకులో
నాజిల్ దానంతటది టక్కున ఆగేదాకా పొయ్యమన్నాను.
కుర్రాడు నోటు సరిపెడదామని ఇంకో గుక్క పొయ్యబోతే
వద్దన్నాను.
కృష్ణగిరిలోనూ ఆ టక్కు దగ్గరే ఆపించాను.
రెండు టక్కుల మధ్య ఉన్నదే లెక్క,
మిగతాదంతా మా రెడ్డెప్ప నోటిమాట.

వెనక మా ఇల్లు బండి:
ప్లైవుడ్ గోడలు, రేకు కప్పు, రెండు పడకలు, గ్యాసు పొయ్యి.
బొమ్మనహళ్ళి గార్మెంట్సులో ఇరవై రెండేళ్ళు నేను కుట్టిన జీన్సంతా
పీఎఫ్ డబ్బయి, పీణ్యలో వెల్డింగయి,
రెండు చక్రాల మీద లేచి నిలబడింది.
ముందు పాత బొలేరో.
లాగడానికే పుట్టానని అదెప్పుడూ అనలేదు.

పోయేటప్పుడు రోడ్డే మమ్మల్ని తోసింది.
వచ్చేటప్పుడు తెలిసింది
బెంగళూరు పైనుంటుందని.
ఇన్నేళ్ళు కూర్చున్న ఊరు ఇంత ఎత్తున ఉందని
మిషను ముందు ఎవరు చెప్తారు?

శూళగిరి దాటాక మిట్ట.
అతను అయిదో గేరు వదలడు.
"ముల్లు పద్నాలుగొందల మీదుంది చూడు.
ఇంజను ఎంత నిదానంగా తిరిగితే
డీజిలు అంత మిగులు."
ముల్లు చూస్తున్నాడు, పాదం చూసుకోవడం లేదు.
పాదం అడుక్కంటా ఆనింది.
కింద ఎవరో గొంతు పట్టుకున్నట్టు
గుర్, గుర్, గుర్...
అద్దంలో నల్లపొగ,
నిన్న ఉతికిన మా కిటికీ తెరల మీదికి.

ఆ చప్పుడు నాకు తెలుసు.
నాలుగు మడతల జీన్సులోకి
సూదిని భయం భయంగా పంపితే వచ్చే చప్పుడది.
కొత్త పిల్లలు పెడలు మీద కాలు ఆనీ ఆనకుండా పెడతారు,
మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది,
దారం తెగుతుంది.
మందం వచ్చినప్పుడు తిరగనివ్వాలి.
తిరిగితే అరుగుతుందనుకుంటాం గాని
తిరగనివ్వకపోతేనే కాలేది.

"నాలుగులో వెయ్యి."
"ముల్లు లేస్తుంది."
"లేవనీ."
"డీజిలూ లేస్తుంది."
"నీ కాలు లేస్తుంది ముందు."

వేశాడు, నా నోరు మూయించడానికే.
ముల్లు ఇరవై రెండొందలు.
మూలుగు పోయి, కుట్టు పడుతున్న చప్పుడు,
ఒకే నిడివి, ఒకే బిగువు.
అరవైలో నిలిచింది బండి.

హోసూరు ముందు రోడ్డు చదునైతే ఎనభై పట్టాడు.
ఇప్పుడు తప్పు గేరుది కాదు.
వెనక బండి మొహం ఏడడుగుల గోడ.
గాలికి ఫాస్టాగ్ లేదు,
ప్రతి గజానికీ చిల్లర గుంజుకుంటుంది,
రసీదివ్వదు.
"ఆ టమాటా లారీ దాటిపోతే నీ పరువేం పోతుంది?" అన్నాను.
పరువు లీటరుకెంత ఇస్తుందో
ఇంకా రాసి చూడలేదు.

యాభై ఎనిమిది కిలోమీటర్లు, ఏడు లీటర్లు.
పోయిన నెల ఇదే రోడ్డు, ఇదే బరువు,
అయిదో గేరు పట్టుదల: ఎనిమిదీ చిల్లర.
పుస్తకం అతని వైపు తిప్పాను.
"ఇవాళ గాలి మనవైపుంది" అన్నాడు.
అదీ రాశాను, న్యాయం కోసం.

ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవరు ఎక్కుతుంటే
నేనేమీ అనలేదు.
అతని చెయ్యి తనంతట తనే వెనక్కి జరిగింది, నాలుగు.
నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను.
నటించబోతే నిజంగానే కనిపించింది కింద బొమ్మనహళ్ళి,
షిఫ్టు వదిలే వేళ,
గేటు దగ్గర సంచులు తడిమించుకుంటున్న ఆడవాళ్ళ వరస.
ఇన్నేళ్ళలో ఒక్కసారీ పైనుంచి చూడలేదు.

తర్వాత సిల్క్ బోర్డు.
ముల్లు ఎనిమిదొందలు, కిలోమీటర్లు సున్నా.
ఈ భాగహారం నాకు రాదు.
పుస్తకం మూసి, చెప్పులేసుకున్నాను.
"వెనక పొయ్యుంది, పాలున్నాయి, టీ పెట్టుకొస్తా."
"సిగ్నల్ పడితే?"
"పడదులే."