ఏడో మనిషి

సినిమాలో వాళ్లు మనుషుల్ని ఎత్తుకుపోయేది
నా చేతుల్లోంచే.
పద్దెనిమిది కిలోవాట్ల లైటుని క్రేను మెడకి కట్టి
తాళ్లు పట్టుకున్నది నేను,
భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బల దగ్గర,
పదకొండు రాత్రులు.

గ్రహాంతరవాసి కంచరపాలెం కుర్రాడు.
జిమ్ములో కోచ్. రబ్బరు చర్మం లోపల ఒళ్లంతా ఒరిసిపోయి
షాటు షాటుకీ తల ఊడదీసి మజ్జిగ తాగేవాడు.
ఆ తల ఇసకలో పెడితే
ఊరకుక్క వచ్చి వాసన చూసి, కాలెత్తబోయి,
ఎందుకో మానుకుంది.

కథంటారా, ఊళ్లో రాత్రికొకరు మాయం.
ఆర్కే బీచిలో బఠాణీల బండివాడు,
కైలాసగిరి రోప్‌వేలో కొత్త జంట,
పోర్టులో నైటు డ్యూటీ ఫిట్టరు.
పైనించి తెల్లటి వెలుగు దిగుతుంది,
కింద చెప్పులు మిగుల్తాయి.
ఎస్సై శకుంతల చెప్పులు లెక్కపెడుతుంది.
ఇంటర్వెల్లో ఆవిడ బూట్లు కూడా.

ఏడో మనిషి కోసం
జాలరిపేట నుంచి ఆటోలో తెచ్చారు దానమ్మని.
బేటా ఎనిమిది వందలు, బిర్యానీ పొట్లం.
డైరెక్టరు విడమర్చి చెప్పాడు:
"పైనించి లైటు పడుతుందమ్మా.
నువ్వు పైకి చూడు. భయపడు. కేకెయ్యి."
"ఏటని కేకెయ్యాలి బాబూ?"
"ఏదో ఒకటి. అమ్మో అను."

మొదటి టేకు, పొగ ఎక్కువైంది.
రెండోదానికి జనరేటరు దగ్గింది.
మూడోసారి నేను లైటు వంచగానే
గాల్లో పురుగులన్నీ ఒక్కసారే వెలిగాయి
వలలో పడ్డ కవళ్ల లాగ.
దానమ్మ పైకి చూసింది.
కేకెయ్యలేదు.
నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, కళ్లు చికిలించి,
వచ్చే పడవ ఎవరిదో ఒడ్డు నుంచి పోల్చుకునే చూపు చూసి,
చూసి,
"బాబూ, మావోడు గాని అక్కడున్నాడేటి?
కామేసు. బులుగు లుంగీ.
ఎడం సేతికి బొటనేలు నేదు.
ఉంటే ఓపాలి దింపండి,
మాటాడి పంపించెత్తాను."

కట్ అని ఎవరూ అనలేదు.
సౌండు కుర్రాడు హెడ్‌ఫోను తీసేసి
మళ్లీ పెట్టుకున్నాడు.
లైటు ఆర్పాల్సింది నేను. ఆర్పలేదు.

హుదూద్‌కి ముందటేడు వేటకెళ్లిన పడవట.
ఖాళీ డీజిలు డబ్బా ఒకటి దొరికిందట.
శవం లేదు గనక
ఏడేళ్లు అతన్ని కాగితాలు చావనివ్వలేదట.

జగదాంబ దగ్గర హాల్లో సెకండ్ షో చూశాను.
ఆరుగురికి ఈల వేసిన జనం
ఏడో మనిషి దగ్గర సమోసా నమలడం ఆపారు.
గ్రాఫిక్స్‌లో నా తాళ్లు చెరిపేశారు.
ఆమె మాట ఉంచారు.
చెయ్యి అడ్డం పెట్టుకునే దానమ్మ పైకి లేచిపోతుంది.
కింద మిగలడానికేమీ లేదు,
ఆ రోజు వట్టికాళ్లతో వచ్చింది.
ఎస్సై లెక్కలోకి ఆమె రానే రాదు.

సినిమాలో లేనిది ఇంకొకటుంది.
ప్యాకప్ అయ్యాక, మూడున్నరకి,
నా పక్కకొచ్చి నిలబడి అడిగింది:
"ఈ లైటు సంద్రం మీద ఎంత దూరం పడద్ది బాబూ?"
జనరేటర్లో ఇంకో గంటకి డీజిలుంది.
మేనేజరు వ్యానులో గుర్రు పెడుతున్నాడు.
నేనూ,
రబ్బరు తల చంకలో పెట్టుకున్న కంచరపాలెం కుర్రాడూ
క్రేను మెడని తూర్పుకి తిప్పాం.