జాలిలో దూది

తెల్ల బట్ట మీద ఒక్క చుక్క చాలు.
కొత్తదైతే దానిమ్మ గింజ రంగు.
ఇది ఇటుక కడిగిన నీళ్ల లెక్క ఉంది.
ముక్కు దగ్గర పెట్టుకున్న,
మాడిన బెల్లం వాసన.
మీటరు కన్నా ముందు ముక్కును నమ్మురా అనేటోడు
మా యాకూబ్ ఉస్తాద్.

ములుగు రోడ్డు పక్క నా రేకుల షెడ్డు.
మే నెల, పొద్దున పదింటికే
పానా పట్టుకుంటే చెయ్యి సుర్రుమంటది.
సాంబరాజు సార్ బస్సు దిగి
టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డడు
పరీక్ష తప్పిన పిల్లగాని లెక్క.

కాజీపేటల డీజిల్ ఇంజన్లు నడిపిన మనిషి.
తన లెక్కనే రిటైరైన ఏసీ బస్సొకటి
వేలంలో పాడి, సీట్లన్నీ పీకి
మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించిండు.
ముప్పై రెండేండ్లు ఆగకుండ దాటేసిన స్టేషన్లలో
ఒక్కో రాత్రి పండుకోవాలని:
హసన్‌పర్తి రోడ్డు, ఓదెల, రేచ్ని రోడ్డు...
అన్నీ అయినంక
పట్టాలు లేని ఊరు గూడ చూపియ్యమన్నది పుష్పలీలమ్మ.
నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కితే
ముందర మక్కల లారీ, నత్త నడక,
మూడో మలుపుల
ఇంజను అరుస్తది, చక్రం వినది.

"ఆటోమేటిక్ గదా, అదే చూసుకుంటదనుకున్న" అన్నడు.
కింద కూసుండి దుమ్ముల గీసి చూపెట్టిన.
నూనెల ఎదురెదురుగ రెండు పంకాలు.
ఒకటి నూనెను తిప్పుతది
నూనె రెండోదాన్ని తిప్పుతది
నడుమ పట్టుకునేటందుకు పిడికెడు ఇనుము లేదు.
ఒకటి ఉరుకుతుంటే రెండోది అందుకోలేదనుకో,
ఆ తేడా అంత ఉడుకే.

ఆయన కండ్లు మెరిసినయి.
"మా మోటర్లకు గూడ గంతే తమ్మీ!
ఎక్కుడుల ఎన్ని ఆంపియర్లకు ఎన్ని నిమిషాలు లాగొచ్చో
లెక్క రాసి ఉంటది ముందర.
నిమిషాలు దాటితే కాలేది మనం కాదు,
కాయిల్."
ఇగ నేను చెప్పేదేముంది, చెప్పుడు ఆపిన.

గ్రిల్లు విప్పి టార్చి కొట్టిన.
కూలర్ జాలి నిండ
పరుపు పరిచినట్టు దూది!
"మాఘమాసంల నాలుగు రాత్రులు
జమ్మికుంట పత్తి మార్కెట్ ఎనుక ఉన్నం" అన్నదామె,
"పొద్దున లేస్తే మంచు పడ్డట్టుండె, ఫొటోలు గూడ దిగినం."
ఆ మంచే బండి గొంతుకు అడ్డం పడ్డది.

మెత్తటి బ్రష్షుతోని రెక్క రెక్క దువ్విన,
ఎనుక నుంచి నీళ్లు కొట్టిన, నెమ్మదిగ,
రెక్కలు వంగితే గాలి అలుగుతది.
తుక్కులకు పోయిన లారీది ఇంకో కూలర్
దాని ముందర కట్టిన.
ఫిల్టర్ మార్చి, కొలిచి నింపిన ఎర్ర నూనె.
కొలకట్ట చూసుడు చల్లటి బండి మీద కాదు సార్,
నడిచొచ్చి, ఇంజను తిరుగుతుంటె చూడాలె.

ఆయన పాత డ్యూటీ బుక్కుల రాసుకుంటున్నడు:
ఎక్కుడు రాకముందే చిన్న గేరు, సగం ఎక్కినంక కాదు.
ఘాటు కింద ట్యాంకు నింపొద్దు, పైకి పోయినంక నింపు.
సూది నూట పది దాటితే నీడకు ఆపు,
ఇంజను బంద్ చెయ్యకు,
న్యూట్రల్‌ల తిరగనియ్యి,
నూనె తిరుగుతుంటెనే ఆరుతది.

"ఈయన గూడ గంతే" అన్నది పుష్పలీలమ్మ,
"డ్యూటీ లేకున్నా తెల్లారగట్ల మూడింటికి లేస్తడు,
ఎటూ పోడు, వాకిట్ల తిరుగుతడు."

పోతపోత "నీ చెయ్యి సల్లగుండ" అన్నది.
ఆ చేతికి పొద్దున పైపు తాకి బొబ్బ లేచి ఉండె.
చూపెట్టలే.

పదకొండో నాడు ఫోనొచ్చింది.
హలో లేదు, బాగున్నవా లేదు,
స్టేషన్ మాస్టరుకు చెప్పినట్టు
"ఘాట్ పైన. ఎనభై ఎనిమిది" అన్నడు.
ఇంకేం మాట్లాడలే.
ఎనుక ఇంజను తిరుగుతున్న చప్పుడు,
నిమ్మలంగ,
చానాసేపు విన్న.