ఒకవైపే అచ్చు

స్టర్ట్ వీధిలో లాండ్రీ దుకాణం మీద గది.
ఎక్కే మెట్లు ఒకటి ఉన్నట్టు ఇంకొకటి లేదు.
నూట తొంభై మిల్లీమీటర్లు దాటినవి నాలుగు.
వారమంతా కౌన్సిల్ తరఫున టేపు పట్టుకుని తిరిగేదాన్ని,
శుక్రవారం రాత్రి మాత్రం
చూడనట్టే ఎక్కుతాను.

బల్లరాట్‌లో జూలై. కింద డ్రయ్యర్లు తిరుగుతుంటే
పైన మా అరికాళ్లు వెచ్చగా వణుకుతాయి.

మూడేళ్లు ఇటుకంత పుస్తకంతో ఆడాం.
తాడు ఎన్ని అడుగులు, లాంతరు ఎంత బరువు,
చీకట్లో గురి ఎంత తగ్గాలి, వానలో ఇంకెంత.
ఒక్క వంతెన దాటడానికి రెండు శుక్రవారాలు.
మేం పేజీ వెతికేదాకా దాని మీది దెయ్యం
కత్తి ఎత్తి అలాగే నించుంది, పాపం.

అప్పుడు కాలమ్ ఒక్క కాగితం తెచ్చాడు.
ఒకవైపే అచ్చు.
ఏం చేస్తావో చెప్పు. సందేహమైతే పాచిక వెయ్యి.
నాలుగు, ఆ పైన పడితే అయినట్టే.
మిగతాదంతా తెలుపు.

ఆ తెలుపులోకి ఎలా దూకామని!
మునిగిన బంగారు గని అడుగున
పేరు లేని జంతువు ఎదురైతే, చేతిలో ఏమీ లేక
దాని చెవి దగ్గర చతికిలబడి
పదమూడో ఎక్కం అప్పజెప్పాను, తెలుగులో, రాగం తీసి.
నీ నైపుణ్యం ఎంత అని ఎవరూ అడగలేదు.
ఐదు పడింది.
తొంభై ఒకటి దగ్గర నిద్రపోయింది.
ఆ రాత్రి ఇంటికెళ్లి నేను నిద్రపోలేదు.

కానీ డెస్మండ్‌కి నత్తి.
పాత ఆటలో అతని గొడ్డలికి పద్దెనిమిది.
పాచిక వేసి, గడి మీద వేలు పెట్టేవాడు. చాలు.
అంకెకి నత్తి లేదు.
ఇప్పుడేమో చెప్పాలి. త... త... అనేలోపు
బ్రైడీ ఆ తలుపు పగలగొట్టి, లోపలి రాజుతో సంధి చేసుకుని,
సంధి తప్పి, పారిపోయి వచ్చేసేది కూడా.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఇక్కడ నోరు పెద్దదైతే రాజ్యమే.

నాకు తెలుసు ఆ ఆలస్యం.
నా ఇంగ్లీషు కూడా ఒక గుక్క వెనక నడుస్తుంది.

కాలమ్ చెడ్డవాడు కాదు. అలిసిపోతాడు, అంతే.
ఒక వారం నేను అడుగేస్తే పగిలిన మంచు మీద
మరుసటి వారం బ్రైడీ గుర్రబ్బండి దాటింది.
తొండి, అన్నాను పైకే. ఎవరికీ అర్థం కాలేదు.
అర్థమైనా ఏం లాభం,
గీతే గీయని నేల మీద ఎవరు దాటినట్టు?

పోయిన నెల ఒక రాత్రి డెస్మండ్ ముందే కోటు వేసుకున్నాడు.
దిగుతుంటే మూడో మెట్టు దగ్గర ఒక తడబాటు,
చెయ్యి రెయిలింగ్‌ని కొట్టుకున్న చప్పుడు.
పడలేదు.
నా ఉద్యోగంలో ప్రతి కొలత వెనకా
పడినవాళ్లెవరో ఉంటారు. పేరు రాయరు.

పెన్సిల్ తీసుకుని ఆ తెలుపులో రాశాను:
పాచిక కదిలే ముందు బల్ల చుట్టూ అందరిదీ ఒక్కో మాట.
ఎంతసేపైనా ఆగాలి.
మొదలెట్టావా, అంది బ్రైడీ.

మళ్లీ శుక్రవారం, మళ్లీ ఒక తలుపు.
ఆగాం. కింద డ్రయ్యర్ రెండుసార్లు కూసింది.
బ్రైడీ గోరు కొరుక్కుంది.
త... త... అన్నాడు డెస్మండ్,
తట్టి చూస్తాను.

మూడేళ్లలో ఎన్ని తలుపులు విరగ్గొట్టాం,
ఒక్కటీ తట్టలేదు.

కాలమ్ కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత గొంతు బాగా తగ్గించి,
లోపల్నుంచి: ఎవరూ?

నా గీత కింద ఇవాళ బ్రైడీ ఇంకొకటి రాసింది,
మంచు గురించి. దాని కింద కాలమ్ చిన్న అక్షరాల్లో రెండు.
కాగితం తిరగేసి చూశాను.
ఆవైపు ఇంకా ఖాళీయే.